చారులో ఉప్పు అందరికీ ఒకటే, పప్పు మాత్రం అడుగున ఉన్నవాడికే

ప్రశ్న: మా పెద్దబ్బాయి తొమ్మిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో ద్రావణానికి ఒక ఉదాహరణ రాయమంటే పాలు అని రాశాడు, మార్కు పోయింది. "పాలు గ్లాసులో పోసి పెడితే అడుక్కి ఏమీ దిగదు కదమ్మా, మరి ద్రావణం ఎందుకు కాదు" అని నా ప్రాణం తీస్తున్నాడు, నేను చదివింది బీకాం. ట్యూషన్లో ద్రావణానికీ అవలంబనానికీ తేడాలంటూ ఏడు పాయింట్లు బట్టీ పట్టించారు, అవి గడగడా అప్పజెప్తాడు గానీ ఈ ఒక్కదానికీ జవాబు తెలీదు. ఇంకోటండీ, మా చిన్నదానికి జ్వరమొస్తే డాక్టర్ గారు నీళ్ళు కలుపుకునే యాంటీబయాటిక్ పొడి సీసా రాశారు. వాడే ముందు బాగా కుదపమని దాని మీద ఉంది, మా అత్తయ్యగారేమో మందులు కుదపకూడదు, నురగొస్తుంది, నా ఇన్సులిన్ సీసా కుదపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు అంటారు. ఆవిడ మాట విని మూడు రోజులు కుదపకుండానే పోశాం. ఇప్పుడు సీసా అడుగున చిక్కగా ముద్దలా ఉంది. ఇది పొయ్యొచ్చా?
– తణుకు నుంచి ఒక అమ్మ

జవాబు:

అమ్మా, ముందు ఆ సీసా పక్కన పెట్టండి. పిల్లవాడి మార్కు ఎక్కడికీ పోదు, దాని సంగతి తర్వాత చూద్దాం.

అడుగున మిగిలిన ఆ చిక్కటిది పొయ్యకండి, ఇంకాసిని నీళ్ళు కలిపి సర్దుదాం అని కూడా అనుకోకండి. ఇవాళే డాక్టర్ గారికి ఫోన్ చేసి, ఏ రోజు నుంచి పోస్తున్నారు, రోజుకి ఎన్నిసార్లు, ఎంత పోశారు, కుదపకుండా పోశామండీ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇందులో సిగ్గుపడేదేం లేదు, ఈ పొరపాటు చేసిన ఇళ్ళు చాలానే ఉంటాయి. కొత్త సీసా మొదలుపెట్టాలా, ఎన్ని రోజులు వెయ్యాలి అన్నది ఆయన చెప్పాలి, నేను కాదు. జరిగిందేంటో మాత్రం నేను చెప్తాను, ఎందుకంటే మీ అబ్బాయి ప్రశ్నకి జవాబు కూడా ఆ సీసాలోనే ఉంది.

ఆ సీసాలో మందు నీళ్ళల్లో కరగలేదండి. పొడి పొడిలాగే ఉండి నీళ్ళల్లో తేలుతుంది, అంతే. సీసా మీద 5 ఎంఎల్ లో 125 మిల్లీగ్రాములు అని రాసి ఉందనుకోండి, ఆ మాట కుదిపిన సీసాకి మాత్రమే నిజం. కుదపకపోతే పైనుంచి వంచిన 5 ఎంఎల్ లో ఎక్కువగా తీపి నీళ్ళూ వాసనా ఉంటాయి, మందు తక్కువ, అంటే మొదటి మూడు రోజులూ పాపకి చాలీచాలని మందు పడుండొచ్చు, ఇప్పుడు అడుగున ఉన్నదాంట్లో చెంచాకి ఎంత ఉందో ఎవరికీ తెలీదు, ఎక్కువ ఉంటుందని మాత్రం తెలుసు. అందుకే వద్దన్నాను.

మీ అత్తగారిని ఏమీ అనకండి, ఆవిడ చెప్పింది ఊరికే పుట్టలేదు. తెల్లగా పాలలా ఉండే ఇన్సులిన్ కూడా ఇదే జాతి, అందులోనూ మందు కరగకుండా తేలుతూ ఉంటుంది, సీసా నిలబెట్టి ఉంచితే అడుక్కి దిగుతుంది. కాకపోతే ఇన్సులిన్ ప్రొటీన్, దాన్ని గట్టిగా గిలక్కొడితే పాడవుతుంది, పైగా నురగలో బుడగలు సిరంజిలోకి వస్తే డోసు తప్పుతుంది, అందుకని సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించమంటారు. గమనించారా, ఆవిడది ఈ తెల్ల రకమైతే డాక్టర్ చెప్పింది కలపొద్దని కాదు, మెల్లగా కలపమని. అదే నీళ్ళలా తేటగా ఉండే ఇన్సులిన్ అయితే దొర్లించే పని కూడా లేదు, ఎందుకంటే అది ద్రావణం, కలపడానికి అక్కడ విడిపోయిందేమీ లేదు. పాప మందుకి ఆ భయం లేదు, డాక్టర్ గారు కొత్త సీసా మొదలుపెట్టమంటే దాన్ని ప్రతిసారీ తలకిందులు చేసి అడుగున ముద్ద పూర్తిగా వదిలేదాకా కుదపండి, నురగ తగ్గడానికి కొన్ని క్షణాలు ఆగి కొలుచుకోండి, ఆ కాస్తలో మందేమీ దిగిపోదు, త్వరగా దిగకుండా ఉండాలనే ఆ నీళ్ళని కాస్త చిక్కగా, జిగురుగా తయారు చేస్తారు. కొలవడానికి వంటింటి చెంచా వద్దు, సీసాతో ఇచ్చిన మూతో సిరంజో వాడండి. కొత్త సీసా కలిపేటప్పుడు ముందు పొడి సీసాని అరచేతి మీద నాలుగు తట్లు తట్టి పొడి వదులు చేసి, కాచి చల్లార్చిన నీళ్ళు సగం పోసి కుదిపి, తర్వాత గీత దాకా పోసి మళ్ళీ కుదపాలి, నురగ దిగాక గీత కంటే తగ్గితే ఇంకొంచెం పోసుకోవాలి. నురగని చూసి గీత దాకా వచ్చిందనుకుని ఆపేస్తారు చాలామంది.

అదే ఓఆర్ఎస్ పొడి సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్ళకి 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, మిగతావి పొటాషియం క్లోరైడూ సిట్రేటూ. ఒకసారి పూర్తిగా కలిపేశాక సాయంత్రం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా పై గ్లాసూ అడుగు గ్లాసూ ఒకటే రుచి, ఒకటే మోతాదు. రెండూ పొడులే, రెండిటికీ నీళ్ళే పోశారు, ఒకటి ప్రతిసారీ కుదపాలి, ఇంకోటి అక్కర్లేదు. తేడా అంతా ఇక్కడే ఉంది, ఆ ఏడు పాయింట్లూ ఇందులోంచి పుట్టినవే.

ఇంకా తేలిగ్గా కావాలంటే పెళ్ళి భోజనాల్లో బంతి మీద కూర్చోండి. చారు బకెట్ పట్టుకుని కుర్రాడు వస్తాడు, అనుభవమున్న బాబాయి ఒకాయన "పైపైన కాదురా, అడుగునుంచి తిప్పి పొయ్యి" అంటాడు. పప్పు కోసం అన్నమాట. మరి "ఉప్పు అడుగునుంచి తిప్పి పొయ్యి" అని ఎవరైనా అనడం విన్నారా? అనరు, ఎందుకంటే బంతిలో మొదటివాడికీ ఆఖరివాడికీ ఉప్పు ఒకటే. పప్పు మాత్రం బకెట్ అడుగంటాక వచ్చినవాడి అదృష్టం. అంటే ఒకే బకెట్లో ఉప్పుది ద్రావణం, పప్పుది అవలంబనం. ఏ గరిటె ముంచినా ఒకటేగా వస్తే ద్రావణం, ఎప్పుడు ముంచాం, ఎక్కడ ముంచాం అన్నదాన్ని బట్టి మారితే అవలంబనం. పుస్తకంలో సజాతీయం, విజాతీయం అని పెద్ద మాటలు పెట్టేది దీనికే.

అవలంబనాన్నే ఇంగ్లీషులో సస్పెన్షన్ అంటారు. ఆ మాట అనగానే మనకి గుమాస్తాని ఇంటికి పంపడమో, గతుకుల రోడ్డు మీద బండి సస్పెన్షనో గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం వేలాడుతూ ఉండటం. రేణువు నీళ్ళల్లో కాసేపు వేలాడుతుంది, చెయ్యి నొప్పెట్టినట్టు మెల్లగా కిందకి జారుతుంది.

ఎంత మెల్లగా అన్నదాంట్లోనే అసలు మజా ఉంది, ఇది మీ అబ్బాయికి తప్పకుండా చదివి వినిపించండి. పది సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళున్న గ్లాసు తీసుకోండి. మిల్లీమీటర్లో పదో వంతు ఉండే సన్న ఇసుక రేణువు అడుక్కి చేరడానికి పది పన్నెండు సెకన్లు. దాని కంటే పది రెట్లు చిన్న రేణువైతే పది రెట్లు ఎక్కువ టైం పట్టాలి కదా అనుకుంటాం, కాదు, వంద రెట్లు పడుతుంది, సుమారు ఇరవై నిమిషాలు. ఇంకో పది రెట్లు చిన్నది, అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు బంకమట్టి రేణువు, ఒక రోజు దాటి పోతుంది, లెక్క కడితే ముప్పై గంటల పైమాటే. ఈ లెక్క స్టోక్స్ అనే ఆయన 1851లో తేల్చాడు, రేణువు సైజు తగ్గేకొద్దీ దిగే వేగం వర్గంలో పడిపోతుంది. ఇంకా చిన్నదైతే? ఇక అడుక్కి దిగడం అనేదే ఉండదు, ఎందుకంటే చుట్టూ ఉన్న నీటి అణువులే దాన్ని అటూ ఇటూ తోస్తూ ఉంటాయి, జాతరలో చంటిపిల్లాడిలా, కిందపడే చోటు కూడా దొరకదు. రాబర్ట్ బ్రౌన్ 1827లో మైక్రోస్కోపు కింద పుప్పొడి రేణువుల్లోంచి వచ్చిన నలుసులు ఇలా గంతులెయ్యడం చూశాడు, అందుకే దాన్ని బ్రౌనియన్ చలనం అంటారు.

ఇప్పుడు పాల దగ్గరికి వద్దాం. మీవాడు చూసింది కరెక్టే, పాలల్లో అడుక్కి ఏమీ దిగదు. మార్కు పోవడమూ కరెక్టే. ఈ రెండూ ఒకేసారి ఎలా కరెక్టవుతాయంటే, ఆ ఏడు పాయింట్ల టేబుల్లో రెండే గళ్ళున్నాయి గానీ లోకంలో మూడున్నాయి. ద్రావణానికీ అవలంబనానికీ మధ్యలో కొల్లాయిడ్ అని ఒకటుంది, కొన్ని తెలుగు పుస్తకాల్లో కాంజికాభం అని ఉంటుంది, కాంజికం అంటే గంజి, గంజిలాంటిది అని అర్థం, నాకైతే ఆ పేరే ఇష్టం కానీ పిల్లలు నోరు తిరగక తిట్టుకుంటారు. 1861లో థామస్ గ్రాహం దీనికి జిగురు అనే అర్థమొచ్చే గ్రీకు మాటతో పేరు పెట్టాడు. మన గంజీ, ఆయన జిగురూ, చూడండి ఇద్దరికీ ఒకలాంటివే తట్టాయి. ద్రావణంలో రేణువు ఒక నానోమీటర్ కంటే చిన్నది, అంటే మిల్లీమీటర్లో పది లక్షల వంతు. కొల్లాయిడ్లో అంతకంటే పెద్దవి, కొన్ని పుస్తకాలు 100 నానోమీటర్ల దాకా అంటాయి కొన్ని 1000 దాకా అంటాయి, మీవాడి పుస్తకంలో ఏముంటే పరీక్షలో అదే రాయమనండి, గొడవొద్దు. దాన్ని దాటితే అవలంబనం.

నిజానికి పాలు ఒక్కటే కాదండి, ఒక ఉమ్మడి కుటుంబం. పాలల్లో తీపి ఉంటుంది కదా, లాక్టోజు, అది పూర్తిగా కరిగిపోయి ఉంటుంది, అది ద్రావణమే. కేసీన్ అనే ప్రొటీన్ చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది, వంద రెండొందల నానోమీటర్ల సైజులో, అది కొల్లాయిడ్, పాలకి ఆ తెలుపు రావడంలో దానికి పెద్ద పాత్రే ఉంది. ఇక వెన్న, అది సన్న సన్న నూనెబొట్లుగా తేలుతుంది. అడుక్కి దిగదు నిజమే, మరి మీగడ పైకి రావట్లేదా? వెన్న నీళ్ళ కంటే తేలిక కాబట్టి కిందకి బదులు పైకి పోతుంది, విడిపోవడం మాత్రం విడిపోవడమే. పాడి ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లవాడైతే పాలు ద్రావణం అని రాసేవాడు కాదేమో, పొద్దున పితికిన గేదె పాల గిన్నెలో పైనుంచి గరిటెడు తీసి కాఫీలో పోస్తే ఒక రుచి, అడుగువి పోస్తే ఇంకో రుచి. కొన్ని ప్యాకెట్ పాలని హోమోజనైజ్ అని చేస్తారు, ఆ నూనెబొట్లని మిషన్లో చితక్కొట్టి ఇంకా చిన్నవి చేస్తారు, అవి పైకి తేలడానికి చాలా టైం పడుతుంది, అందుకే ఆ పాలు ఎంతసేపైనా ఒకేలా కనిపిస్తాయి. పైన చెప్పిన ఇసుక లెక్కే, కాకపోతే తలకిందులుగా. అలాంటి పాలే ఇంటికొస్తుంటే మీవాడు పొరపడ్డాడంటే ఆశ్చర్యమేముంది.

కంటితో చూసి చెప్పలేనప్పుడు వెలుగుతో చూడాలి. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి మూడు గాజు గ్లాసులు పెట్టమనండి. ఒకదాంట్లో నీళ్ళల్లో రెండు చెంచాల పంచదార కరిగించాలి, ఉప్పు వద్దు, ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పొడి ఏదో కొంచెం ఉంటుంది, దాంతో నీళ్ళు కాస్త మసకేస్తాయి, పిల్లాడు తికమక పడతాడు. రెండోదాంట్లో నీళ్ళల్లో రెండే రెండు చుక్కల పాలు. మూడోదాంట్లో చెంచాడు బియ్యప్పిండి. నల్లటి కాగితానికి పెన్సిల్‌తో కన్నం పొడిచి, సెల్‌ఫోన్ టార్చ్‌కి అడ్డం పెట్టి పక్కనుంచి వెలుగు పంపించి చూడమనండి. పంచదార నీళ్ళల్లో వెలుగు దారి దాదాపు కనిపించదు, పాలచుక్కలేసిన గ్లాసులో తెల్లటి గీత గ్లాసుకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నిలబడుతుంది, పిండి గ్లాసులో అయితే వెలుగు అసలు అవతలకే పోదు, పిండి దిగేకొద్దీ పైనుంచి మెల్లగా తేటబడుతూ వస్తుంది. ఇదే టిండాల్ ప్రభావం. సాంబ్రాణి పొగేసిన దేవుడి గదిలో కిటికీ సందులోంచి ఎండ కమ్మీలాగా పడుతుంది చూడండి, సినిమా హాల్లో వెనక నుంచి తెర మీదకి వెలుగు పట్టీ వెళ్తుంది చూడండి, అవీ అవే, అక్కడ నీళ్ళ బదులు గాలి.

వడకట్టడం ఇంకో పరీక్ష. అరిసెలకి బెల్లం కరగబెట్టి గుడ్డలో వడకడతాం కదా, బెల్లం నీళ్ళు గుడ్డ దాటిపోతాయి, చెరకు పీచూ ఇసుకా గుడ్డలో ఉండిపోతాయి. ద్రావణం ఏ గుడ్డనైనా, ఏ వడపోత కాగితాన్నైనా దాటుతుంది, అవలంబనం ఆగిపోతుంది. కొల్లాయిడ్ మామూలు వడపోత కాగితాన్ని కూడా దాటేస్తుంది, పాలు గుడ్డలో వడకడితే పాలే వస్తాయి, దాని వేషం వెలుగు దగ్గరే బయటపడుతుంది.

ఇక్కడ పిల్లలు రెండు చోట్ల పడతారు. ఒకటి, రంగుంటే ద్రావణం కాదనుకోవడం. మైలుతుత్తం నీళ్ళు ముదురు నీలం, కానీ అవతలి వైపు వేలు పెడితే వేలు కనిపిస్తుంది, అది పక్కా ద్రావణం. రంగు వేరు, మసక వేరు. రెండోది, టీ గ్లాసు అడుగున పంచదార కనిపిస్తే అవలంబనం అనేయడం. వంద గ్రాముల నీళ్ళు మామూలు వేడిలోనే సుమారు రెండొందల గ్రాముల పంచదారని కరిగించుకోగలవు, మీ గ్లాసులో వేసింది రెండు చెంచాలు, అది కరగలేనిది కాదు, మీరు తిప్పలేదు అంతే.

అసలు "ఫలానా పదార్థం ద్రావణమా అవలంబనమా" అన్న ప్రశ్నే కొంచెం వంకర ప్రశ్న, అది పదార్థానికి పుట్టుకతో వచ్చే కులం కాదు, ఆ గ్లాసులో ఆ పూట ఉన్న స్థితి. మూడో గ్లాసులో ఉన్న ఆ బియ్యప్పిండి నీళ్ళనే గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టి తిప్పండి, కాసేపటికి జావ అవుతుంది, ఇక ఎంతసేపు ఉంచినా పిండి అడుక్కి దిగదు, అవలంబనం కాస్తా కొల్లాయిడ్ అయింది. సున్నం ఇంకా గమ్మత్తు. తాంబూలంలో వేసుకునే సున్నం చెంచాడు లీటరు నీళ్ళల్లో వేసి కలిపితే తెల్లగా పాలలా అవుతుంది, గోడలకి వేసే వెల్ల అదే, అది అవలంబనం. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే సున్నం అడుక్కి దిగి పైన కన్నీళ్ళంత తేటగా నీళ్ళు మిగులుతాయి. ఆ తేటలో సున్నం లేదా? ఉంది, లీటరుకి ఒకటిన్నర గ్రాము పైచిలుకు కరిగి ఉంటుంది, అంతకు మించి కరగదు. అంటే ఒకే గిన్నెలో కింద అవలంబనం, పైన ద్రావణం, రెండూ సున్నమే.

ఆ తేటతో నా పరువు ఒకసారి పోయింది. ఉద్యోగం కొత్తలో, ఊపిరి ఊదితే సున్నపుతేట తెల్లబడుతుంది అని క్లాసులో చూపిద్దామని పొద్దున్నే హడావిడిగా సున్నం కలుపుకుని అలాగే పట్టుకెళ్ళిపోయాను, తేరనివ్వలేదు, వడకట్టలేదు. "ఇప్పుడు చూడండి, తెల్లగా మారుతుంది" అన్నాను గంభీరంగా. వెనక బెంచీ నుంచి ఒకడు "మాస్టారూ, అది ముందే తెల్లగా ఉందండీ" అన్నాడు. క్లాసంతా నవ్వులు, నేనూ నవ్వేశాను, ఏం చేస్తాను.

తర్వాత రోజు సరిగ్గా చేశాను, మీరూ ఇంట్లో చెయ్యొచ్చు. తేటని మెల్లగా వేరే గ్లాసులోకి వంచుకుని, దానికి పదింతలు మంచినీళ్ళు కలిపి, స్ట్రాతో ఊదమనండి, ఊదడమే, పీల్చకూడదు, సున్నం నోరు పొక్కిస్తుంది, కళ్ళల్లో పడకుండా చూడండి, దగ్గర మీరుండండి. కాసేపటికి తెల్లబడుతుంది. మన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి సుద్ద అవుతుంది, సుద్ద నీళ్ళల్లో కరగదు, అదిగో ద్రావణం కాస్తా మన కళ్ళ ముందే అవలంబనం అయిపోయింది. పుస్తకాలు చదివినవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపొద్దు, ఓపిక పట్టి ఊదుతూనే ఉండమనండి, దవడలు లాగుతాయి, అన్నదమ్ములుంటే వంతులేసుకోవచ్చు, తలకాయ తిరుగుతున్నట్టుంటే ఆగాలి. చాలాసేపటికి ఆ తెలుపు పలచబడి పలచబడి మళ్ళీ దాదాపు తేట అవుతుంది, సుద్ద కాస్తా కరిగే రకంగా మారిపోయింది, అవలంబనం మళ్ళీ ద్రావణం. ఆ తేటని మరిగిస్తే మళ్ళీ తెల్ల పొడి దిగుతుంది. మీ ఇంట్లో బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొలుసు కడుతుంటే, అది ఇదే.

పొలం ఉన్నవాళ్ళకి ఇదంతా డబ్బుతో పని. మాంకోజెబ్ లాంటి తెగుళ్ళ మందు డబ్బా మీద డబ్ల్యూపీ అని ఉంటుంది, నీళ్ళల్లో తడిసి తేలే పొడి అని, మధ్యమధ్య ట్యాంకు కదపకపోతే మొదటి సాళ్ళకి ఒక మోతాదు ఆఖరి సాళ్ళకి ఇంకో మోతాదు పడుతుంది, పైగా నాజిల్ పూడుకుంటుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మీద ఎస్ఎల్ అని ఉంటుంది, అది కరిగే రకం, ఆ బాధ లేదు. పాప సీసా కథే, కాకపోతే పదహారు లీటర్ల ట్యాంకులో.

ఒక్క విషయం చెప్పకుండా వదల్లేను. ఈ పాఠం చదివిన పిల్లలు మసకగా ఉంటే చెడ్డది, తేటగా ఉంటే మంచిది అనేసుకుంటారు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో వానాకాలం కాలవ నీళ్ళు ఎర్రగా వచ్చేవి, గోదారికి వరదొస్తే కాలవలన్నీ అదే రంగు, ఆవిడ చిల్లగింజని కుండ లోపల అంచుకి అరగదీసి నీళ్ళు పోసేది, పొద్దుటికి మట్టంతా కింద, తేట పైన. పటిక వేసేవాళ్ళూ ఉండేవారు. బంకమట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది, అందుకని ఒకదాన్నొకటి తోసుకుంటూ దగ్గరికి చేరవు, చేరవు కాబట్టి పెద్దవి కావు, పెద్దవి కావు కాబట్టి దిగవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చల్లార్చేస్తే అన్నీ ముద్దకట్టి కిందకి దిగిపోతాయి. ఇది తేలేవాటి సంగతి. నల్గొండ జిల్లా బోరునీళ్ళు గ్లాసులో పట్టి చూస్తే కొండవాగులా తళతళలాడుతూ ఉండేవి, ఏ టార్చ్ వేసినా గీత పడదు, ఎన్ని రోజులుంచినా అడుక్కి ఏమీ దిగదు, ఏ గుడ్డలో వడకట్టినా ఏమీ ఆగదు, కానీ అందులో ఫ్లోరైడ్ కరిగి ఉంది, దాంతో ఎంతమంది పళ్ళు గారపట్టి ఎంతమంది ఎముకలు వంగిపోయాయో ఆ ఊళ్ళవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాగేనీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. కరిగిపోయినదాన్ని గుడ్డ పట్టుకోలేదు కదా, మరేం చేశారంటే, నాగపూర్లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు 1970ల్లో నల్గొండ పద్ధతి అని ఒకటి తెచ్చారు, నీళ్ళల్లో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే దూదిలాంటి తెల్లటి తుట్టెలు పుడతాయి, ఫ్లోరైడ్ వాటిని పట్టుకుని వాటితోపాటు అడుక్కి దిగుతుంది, పైన తేట వంచుకోవడమే. అంటే కరిగినదాన్ని ముందు దిగేదానికి అంటగట్టి, తర్వాత దింపారు. మీవాడి పుస్తకంలో ఈ ముక్క పక్కన పెద్ద పెట్టె కట్టి వెయ్యాలని నా కోరిక, నన్నెవరడుగుతారు.

పరీక్ష సంగతి అంటారా, ద్రావణానికి ఉప్పునీళ్ళో పంచదార నీళ్ళో రాయమనండి, అవలంబనానికి బురదనీళ్ళో నీళ్ళల్లో సుద్దపొడో, పాలు కొల్లాయిడ్. మార్కు కోసం టీచర్ గారి దగ్గరికి వెళ్ళకండి, ఆవిడ దిద్దింది కరెక్టే, కావాలంటే మీవాణ్ణే వెళ్ళి "పాలు అడుక్కి దిగవు కదండీ" అని అడగమనండి, మంచి టీచరైతే క్లాసులో ఆ ప్రశ్న మళ్ళీ అందరికీ వేస్తారు.

ఆ మూడు గ్లాసులూ పెట్టాక ఏం కనిపించిందో నాకు రాయమనండి, ముఖ్యంగా పాలచుక్కలేసిన గ్లాసుని పారబొయ్యకుండా రెండోరోజు రాత్రి మళ్ళీ టార్చ్ వేసి చూడమనండి, ఆ గీత అలాగే ఉందా, విరిగి ముక్కలైందా అని. ఈ ఎండలకి అప్పటికి పాలు పులిసుంటాయి కాబట్టి గ్లాసు మీద మూత పెట్టండి, లేకపోతే చీమలు. డాక్టర్ గారికి ఫోన్ మాత్రం ఇది చదవగానే చెయ్యండి.